ప్రాథమిక తరగతుల పిల్లలతో ఆర్ట్ ప్రాజెక్టులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐదేళ్ల నుంచి పదకొండేళ్ల వరకు ఉన్న పిల్లలతో బొమ్మలు వేయించే టీచర్లు, అమ్మానాన్నలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. కొన్నింటికి రెండు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు, కొన్నింటికి కాస్త విడమరచి చెప్పక తప్పదు. జవాబులన్నింటి వెనకా ఉన్న నమ్మకం మాత్రం ఒకటే: పూర్తయిన కాగితం మీద కనిపించే నిర్ణయాలు పిల్లలవే కావాలి.

ఏ వయసు వాళ్లకు ఎలాంటి పని ఇవ్వాలి?

వయసు పెరిగేకొద్దీ పిల్లల బొమ్మలు ఇంచుమించు ఒక వరుసలో మారుతూ వస్తాయి. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే కళా విద్యావేత్త 1947లో ఈ దశలను వివరంగా రాశాడు. నాలుగు నుంచి ఏడేళ్ల లోపు పిల్లలు వేసే మనిషికి తలలోంచే కాళ్లు మొలుస్తాయి. వస్తువులు కాగితమంతా తేలుతున్నట్టు ఉంటాయి. ఏడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య కాగితం అడుగున నేల గీత వస్తుంది, ఇల్లూ చెట్టూ మనుషులూ అన్నీ దాని మీద నిలబడతాయి. పైన సన్నగా ఒక నీలం పట్టీ, అది ఆకాశం. మధ్యలో అంతా ఖాళీ. ఇంటికి గోడ ఉన్నా లోపలి మంచమూ మనుషులూ కనిపిస్తుంటారు. బొమ్మలో ఎవరు ముఖ్యమో వాళ్లు ఇంటికంటే పెద్దగా ఉంటారు.

వీటిని దిద్దకండి. ఆ వయసులో పిల్లలు తమకు తెలిసినదంతా కాగితం మీద పెడతారు, కంటికి కనిపించినంత వరకే వేయాలన్న పట్టింపు వాళ్లకు ఇంకా లేదు. తొమ్మిదేళ్లు దాటాక ఆ పట్టింపు దానంతటదే వస్తుంది. దూరంగా ఉన్నవి చిన్నగా వేయడం, ఒకదాని వెనక ఇంకొకటి సగం కనిపించేలా వేయడం అప్పుడు మొదలుపెడతారు.

అందుకని ఒకటి, రెండు తరగతులకు పెద్ద కాగితం, లావు కుంచె, అచ్చులు వేయడం, కాగితం చింపి అతికించడం, మట్టి పిసకడం సరిపోతాయి. మూడో తరగతి నుంచి నేత, ముసుగులు, రంగులు కలపడం పెట్టొచ్చు. నాలుగు, ఐదు తరగతుల వాళ్లకు ఎదురుగా ఒక వస్తువు పెట్టి, దాన్ని చూస్తూ గీయమనొచ్చు.

ముందుగా నమూనా చేసి చూపించాలా?

ఎక్కువమంది అడిగేది ఇదే. పద్ధతి చూపించండి, పూర్తయిన బొమ్మ మాత్రం చూపించకండి. టీచర్ చేసిన చక్కటి సీతాకోకచిలుక బోర్డు మీద ఉందంటే ముప్పై మంది పిల్లలూ దాన్నే చేస్తారు. అంతగా బాగా రానివాళ్లు తమది పాడైపోయిందని అనుకుంటారు. కుంచెలో ఎంత నీళ్లు ఉండాలో, జిగురు ఎక్కడ రాయాలో, మట్టి ముక్కలు రెండింటిని ఎలా కలపాలో మాత్రం ఓపిగ్గా, రెండుసార్లయినా చేసి చూపించాల్సిందే. అది చూపించకుండా 'మీ ఇష్టం వచ్చినట్టు వేయండి' అని వదిలేస్తే పిల్లలకు దొరికేది స్వేచ్ఛ కాదు, అయోమయం.

నమూనా తప్పదనిపిస్తే ఒకదానికొకటి పోలిక లేనివి మూడు చేసి చూపించండి. కాసేపు చూడనిచ్చి తీసేయండి.

అచ్చువేసిన గీతల్లో రంగులు నింపే కాగితాల సంగతి కూడా చెప్పాలి. చేతికి కాస్త సాధన, కాసేపు కాలక్షేపం కావాలంటే ఇవ్వొచ్చు. దాన్ని ఆర్ట్ ప్రాజెక్టుగా లెక్కేయలేం, ఎందుకంటే అందులో పిల్లలు తేల్చుకోవాల్సింది రంగు ఒక్కటే.

ప్రాజెక్టు అంటే పెద్దగా, వారాల తరబడి చేసేదా?

కానక్కర్లేదు. ఏదో ఒకటి గమనించడం, చిన్న ముక్క మీద ప్రయత్నించి చూడడం, అసలు పని చేయడం, చేసినదాని గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం, ఈ నాలుగూ ఉంటే గంటలో అయ్యేది కూడా ప్రాజెక్టే.

మొదట ఏమేం సమకూర్చుకోవాలి?

రకాలు తక్కువున్నా పరవాలేదు, ఉన్నవి నాణ్యంగా ఉండాలి. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు పోస్టర్ రంగులు. మైనపు క్రేయాన్లు. ఒక్కొక్కరికి ఒక లావు గుండ్రని కుంచె, ఒక బల్లపరుపు కుంచె. తెల్ల జిగురు, మొన మొద్దుగా ఉన్న కత్తెరలు, స్పాంజి ముక్కలు. పాత వార్తాపత్రికలు, అట్టపెట్టెలు, మిగిలిపోయిన ఊలు, గుడ్డ పీలికలు ఎన్ని ఉన్నా ఎక్కువ కావు. ఇరవై నాలుగు రంగుల పెట్టె చూడ్డానికి బాగుంటుంది కానీ, అందులో ఆకుపచ్చ ముందే ఉంటుంది కాబట్టి దాన్ని తయారు చేసుకునే అవసరం పిల్లలకు రాదు.

రంగు వేయగానే కాగితం ముడతలు పడుతోంది, ఎందుకు?

ఫొటోకాపీ కాగితం సాధారణంగా 80 జీఎస్‌ఎం ఉంటుంది, అంటే చదరపు మీటరు కాగితం 80 గ్రాముల బరువు తూగుతుంది. తడి తగిలితే కాగితంలోని నార ఉబ్బుతుంది, పలచటి కాగితం ఆ ఉబ్బును తట్టుకోలేక వంకర్లు పోతుంది. పెన్సిల్, క్రేయాన్లకు 80 చాలు. పోస్టర్ రంగులకు 150కి తగ్గకుండా చూడండి, నీళ్లు బాగా వాడే వాటర్ కలర్స్‌కి 200 నుంచి 300 మధ్య ఉంటే మంచిది. దళసరి కాగితం కొనే వీలు లేకపోతే అట్టపెట్టెలు విప్పి లోపలి వైపు వాడుకోండి, రంగు చక్కగా పడుతుంది. నాలుగు అంచులూ పేపర్ టేపుతో బల్లకు అతికించి, ఎండాక తీసినా ముడతలు తగ్గుతాయి.

పిల్లలు ఏ రంగులు కలిపినా చివరికి బురద రంగే వస్తోంది. ఏం చేయాలి?

దీనికి మూడు కారణాలున్నాయి, మూడింటినీ పిల్లలకు చెప్పొచ్చు.

ఒకటి, ఎక్కువ రంగులు కలపడం. ప్రతి రంగుపొడీ తన మీద పడ్డ వెలుతురులో కొంత భాగాన్ని మింగేసి, మిగతాది వెనక్కి పంపుతుంది. రెండు కలిస్తే రెండూ మింగుతాయి, మూడు కలిస్తే ఇంకా ఎక్కువ పోతుంది. ఎరుపు, పసుపు, నీలం మూడూ ఒకచోట చేరితే వెనక్కి వచ్చే వెలుతురు చాలా తక్కువ, మనకు గోధుమ, బూడిద ఛాయలు కనిపిస్తాయి. ఆకుపచ్చలో ఎరుపు కలిపినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే ఆకుపచ్చలో పసుపూ నీలమూ ముందే ఉన్నాయి.

రెండు, ఎరుపులన్నీ ఒకటి కావు. నారింజ వైపు మొగ్గే ఎరుపులో పసుపు ఛాయ దాగి ఉంటుంది. దాన్ని నీలంతో కలిపితే మంచి ఊదా రాదు, మబ్బు పట్టిన రంగు వస్తుంది. గులాబీ వైపు మొగ్గే ఎరుపుతో కలపండి, ఊదా మెరుస్తుంది. ప్రింటింగ్‌లో ఎరుపు, నీలం బదులు మెజెంటా (ముదురు గులాబీ రంగు), సయాన్ (ఆకుపచ్చ వైపు మొగ్గే లేత నీలం) వాడేది కూడా ఇందుకే. మెజెంటాలో పసుపు కలిపితే ఎరుపు వస్తుంది. మెజెంటా పోస్టర్ రంగు ఒక్క సీసా ఉన్నా తరగతిలో రంగుల కథ మారిపోతుంది.

మూడోది అన్నిటికంటే మామూలు కారణం, మురికి నీళ్లు. ఒక్కో బల్లకు రెండు డబ్బాల నీళ్లు పెట్టండి, ఒకటి కుంచె కడగడానికి, ఇంకోటి రంగు పలచన చేయడానికి. పక్కన ఒక గుడ్డ. కడగాలి, తుడవాలి, అప్పుడు ఇంకో రంగు. ఈ మూడు పనుల వరుస చేతికి అలవాటయ్యేదాకా గుర్తుచేస్తూనే ఉండాలి.

కలిపేటప్పుడు లేత రంగు ముందు తీసుకుని, ముదురు రంగును కుంచె కొనతో కొంచెం కొంచెంగా చేర్చమనండి. పసుపులో చిటికెడు నీలం వేస్తే చాలు ఆకుపచ్చ అవుతుంది, నీలాన్ని మార్చాలంటే మాత్రం పసుపు గుమ్మరించాలి.

ఈ విషయం మీద మంచి ప్రాజెక్టు ఒకటుంది. ఒక్కొక్కరికి రెండే రంగులు, కాస్త తెలుపు ఇచ్చి, వాటితో ఎన్ని ఛాయలు తయారు చేయగలరో చూడమనండి. ఒక్కో ఛాయనూ చిన్న గడిలో నింపి, దానికి సొంతంగా పేరు పెట్టాలి. ఆ కాగితాలను మరుసటి వారం ముక్కలుగా కత్తిరించి కొలాజ్‌కి, అంటే ముక్కలు అతికించి చేసే బొమ్మకు, వాడుకోవచ్చు.

నలభై నిమిషాల పీరియడ్‌లో పూర్తయ్యేవి చెబుతారా?

సర్దడానికీ కడగడానికీ పదిహేను నిమిషాలు పోతే చేతిలో ఉండేది ఇరవై అయిదే. ఆ కాస్త సమయంలో బాగా కుదిరేవి ఇవి.

మైనం, నీళ్లు: క్రేయాన్‌తో గట్టిగా ఒత్తి గీసి, పైన పలచటి వాటర్ కలర్ పూస్తే మైనం ఉన్నచోట నీళ్లు నిలవవు, గీతలు బయటపడతాయి. తెల్ల కాగితం మీద తెల్ల క్రేయాన్‌తో గీస్తే అంతవరకూ కనిపించని బొమ్మ రంగు తగలగానే తేలుతుంది. పిల్లలు దీన్ని ఎన్నిసార్లయినా చేస్తారు.

రుద్ది తీసే బొమ్మలు: ఆకు, చెక్క, జల్లెడ, గోనెపట్టా, ఏదైనా గరుకు వస్తువు మీద పలచటి కాగితం పెట్టి క్రేయాన్‌ను పడుకోబెట్టి రుద్దాలి. జర్మన్ చిత్రకారుడు మాక్స్ ఎర్నెస్ట్ 1925లో నేల చెక్కల మీది గీతలు చూసి ఈ పద్ధతిని చేపట్టాడు. దీనికి ఫ్రొటాజ్ అని పేరు. ఆయన ఆ గరుకుల్లోంచి అడవులూ పక్షులూ తీశాడని చెప్పి, 'మీ కాగితంలో ఏం దాక్కుని ఉందో చూడండి' అంటే చాలు.

ఒకే ఒక్క అచ్చు: నున్నటి ప్లాస్టిక్ షీటు మీద రంగు పలచగా పూసి, ఇయర్ బడ్‌తో గీసి, కాగితం అద్ది తీయాలి. బొమ్మ కుడిఎడమలు మారి వస్తుంది, పేరు రాసినవాళ్లు వెంటనే కనిపెడతారు.

ఆకు అచ్చు: ఈనెలు ఉబ్బెత్తుగా ఉండే కింది వైపు రంగు రాయాలి. చాలామంది పై వైపు రాసి, ఈనెలు పడలేదని నిరాశపడతారు.

ఉప్పు నక్షత్రాలు: వాటర్ కలర్ ఇంకా తడిగా మెరుస్తుండగా ఉప్పు రవ్వలు చల్లితే ఒక్కో రవ్వ చుట్టూ ఉన్న తడిని లాక్కుంటుంది, అక్కడ లేత మచ్చలు మిగులుతాయి. పూర్తిగా ఎండాకే ఉప్పు దులపాలి.

కొన్ని వారాలు సాగే పని కావాలంటే?

కాగితపు ముసుగులు. ఊదిన బెలూన్ మీద పిండి జిగురులో ముంచిన వార్తాపత్రిక పీలికలు అతికించాలి. కత్తిరించిన పీలికల కంటే చింపినవి బాగా అతుక్కుంటాయి, చింపిన అంచు పలచగా ఉండి కింది పొరలో కలిసిపోతుంది. ఒక్కరోజే ఐదారు పొరలు వేస్తే లోపల తడి నిలిచి బూజు పడుతుంది. రెండేసి పొరలు వేసి, పూర్తిగా ఆరాకే మళ్లీ మొదలుపెట్టాలి. ఒక పొర మామూలు కాగితం, మరుసటిది రంగుల కాగితం వాడితే ఎక్కడ వదిలేశారో పిల్లలకే తెలుస్తుంది.

గుండ్రని నేత. అట్టను గుండ్రంగా కత్తిరించి, అంచు చుట్టూ చీలికలు పెట్టి, నడిమధ్య నుంచి దారాలు కట్టి, ఊలుతో ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి అల్లుకుంటూ పోవాలి. దారాలు బేసి సంఖ్యలో ఉండాలి. సరి సంఖ్యలో ఉంటే రెండో చుట్టులో కూడా ఊలు అవే దారాల మీదుగా పోతుంది, నేత పడదు. ఎందుకు పడలేదో పిల్లలనే కనిపెట్టమంటే ఆ పూట లెక్కల పాఠం కూడా అయిపోయినట్టే. అల్లరి ఎక్కువని పేరుపడ్డ పిల్లలు ఈ పనిలో ఎంత నిమ్మళంగా కూర్చుంటారో చూడాల్సిందే.

ఎండతో అచ్చులు. చవక రకం ముదురు రంగు కాగితం మీద ఆకులు పరిచి ఎండలో కొన్ని గంటలు ఉంచితే చుట్టూ రంగు వెలిసి, ఆకు ఆకారం మిగులుతుంది. జాన్ హెర్షెల్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త 1842లో సయనోటైప్ అనే నీలి అచ్చు పద్ధతి కనిపెట్టాడు. మరుసటి ఏడాదే అన్నా ఆట్కిన్స్ అనే వృక్షశాస్త్రజ్ఞురాలు సముద్రపు నాచుల రూపాలను దానితో అచ్చువేయడం మొదలుపెట్టింది. పై తరగతుల వాళ్లకు ముందే రసాయనం పూసి వచ్చే కాగితాలతో అది కూడా చేయించొచ్చు.

మట్టి బొమ్మలు ఆరాక పగులుతున్నాయి. చేతులు, తోకలు ఊడిపోతున్నాయి.

ఆరేటప్పుడు మట్టి కుంచించుకుపోతుంది. పలచటి భాగం ముందు ఆరి కుంచించుకుంటే, లావుగా ఉన్న భాగం ఇంకా తడిగా ఉంటుంది. రెండింటి మధ్యా పగులు పడుతుంది. బొమ్మ అంతా ఇంచుమించు ఒకే మందంలో, వేలెడు లావు మించకుండా ఉండాలి. నీడలో, మీద వదులుగా ప్లాస్టిక్ కప్పి, నెమ్మదిగా ఆరనివ్వాలి.

తోక ఊడిపోకుండా ఉండాలంటే రెండు ముక్కల మీదా పుల్లతో గళ్లు గీసి, మట్టిలో నీళ్లు కలిపి చేసిన చిక్కటి జారుడు పూసి, ఒత్తి, అతుకు మీద వేలితో రుద్దాలి. నీళ్లు రాసి అంటిస్తే ఆ కాసేపే నిలుస్తుంది. ఇంకా తేలికైన దారి, ఒకే ముద్దలోంచి తోకను లాగి తీయడం.

బొమ్మను బట్టీలో కాల్చేటట్టయితే ఎముకలా పొడిగా అయ్యేదాకా ఆగాలి. లోపల తడి ఉంటే ఆవిరై బొమ్మను పగలగొడుతుంది. కాల్చని మట్టి బొమ్మ నీళ్లలో పడితే మళ్లీ మట్టే అవుతుంది. ఎండిన మట్టిని చీపురుతో ఊడవకండి, ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తుడవండి.

కత్తెర పట్టుకోవడం రాని పిల్లలకు ఎలా నేర్పాలి?

బొటనవేలు పైకి ఉండాలి, మోచేయి ఒంటికి ఆనాలి. మలుపు వచ్చినప్పుడు కత్తెరను తిప్పకుండా, రెండో చేత్తో కాగితాన్ని తిప్పాలి. పలచటి కాగితం వంగి బ్లేడుల మధ్య ఇరుక్కుంటుంది, అందుకే మొదట కాస్త దళసరి కాగితం ఇవ్వండి. ఎడమచేతి వాటం పిల్లలకు ఎడమచేతి కత్తెరే ఇవ్వాలి. మామూలు కత్తెరను ఎడమచేత్తో పట్టుకుంటే కోయాల్సిన గీత బ్లేడు చాటున పడిపోతుంది, చేతి ఒత్తిడికి బ్లేడులు దగ్గరవడానికి బదులు విడిపోతాయి. వాళ్ల పనితనం తక్కువని అందరూ అనుకుంటారు, లోపం పనిముట్టులో ఉంటుంది.

'నాకు బొమ్మలు వేయడం రాదు' అని పిల్లలు కాగితం పక్కన పెట్టేస్తే?

ఎనిమిది, తొమ్మిదేళ్లప్పుడు ఈ మాట ఎక్కువగా వినిపిస్తుంది. చూసే కన్ను చేతికంటే ముందు ఎదిగింది, చేతిలోంచి వచ్చేది కంటికి నచ్చడం లేదు. ఇక్కడ పెద్దవాళ్లు ఎలా నడుచుకుంటారన్నదాన్ని బట్టి చాలామంది పిల్లలు జీవితాంతం బొమ్మలు వేస్తారో మానేస్తారో తేలిపోతుంది. 'లేదు, చాలా బాగుంది' అని బుజ్జగిస్తే వాళ్లు నమ్మరు, వాళ్లకు తేడా కనిపిస్తోంది కాబట్టి.

కాగితం వైపు చూడకుండా గీసే ఆట ఆడించండి. ఎదురుగా ఒక చెప్పునో, సొంత చేతినో పెట్టుకుని, దాని అంచు వెంట చూపు ఎంత నెమ్మదిగా కదిలితే పెన్సిల్ అంత నెమ్మదిగా కదలాలి. అందరి బొమ్మలూ వింతగానే వస్తాయి, సరిగ్గా రావాలన్న భయం అక్కడ పనిచేయదు. గీతలో మాత్రం అంతకుముందు లేని ప్రాణం ఉంటుంది.

ఇంకో దారి, గీయడంతో పనిలేని కళ. కాగితం కత్తిరించడం, అచ్చులు, నేత, మట్టి. 1941లో పెద్ద ఆపరేషన్ జరిగాక హెన్రీ మాతిస్ అనే ఫ్రెంచ్ చిత్రకారుడు ఎక్కువగా మంచానికీ చక్రాల కుర్చీకే పరిమితమయ్యాడు. ఆ రోజుల్లో సహాయకులు రంగులు పూసి ఇచ్చిన కాగితాలను కత్తెరతో కత్తిరించి, గోడలంత పెద్ద చిత్రాలు చేశాడు. ఈ సంగతి చెబితే పిల్లలు కత్తెరను కొత్తగా చూస్తారు.

ఒక్క పని మాత్రం చేయకండి: వాళ్ల కాగితం మీద మీరు గీయకండి. చూపించాల్సి వస్తే వేరే ముక్క మీద చూపించి, దాన్ని తీసేయండి.

బొమ్మ చూపించినప్పుడు ఏమనాలి?

'ఇదేంటి?' అని అడగకండి, తెలిసేలా వేయలేదేమోనని నొచ్చుకుంటారు. 'దీని గురించి చెప్పవూ' అనండి. కనిపించినదాన్నే చెప్పండి: 'ఈ మూల నీలం మీద నీలం వేశావు, అక్కడ లోతుగా కనిపిస్తోంది.' వాళ్లు చేసినదాన్ని మీరు నిజంగా చూశారని అర్థమవుతుంది. ఇంత శ్రద్ధగా చూసే ఓపిక లేని రోజున ఊరికే పొగడడం కంటే, కాసేపాగి చూస్తానని చెప్పడమే మర్యాద.

పేరున్న చిత్రకారుల బొమ్మలను చూసి వేయించొచ్చా?

వాళ్ల బొమ్మను నకలు చేయించే బదులు వాళ్ల పద్ధతిని అరువు తెచ్చుకోండి. జార్జ్ సొరా 1884 నుంచి 1886 వరకు ఒకే పెద్ద చిత్రాన్ని చిన్న చిన్న రంగు చుక్కలతో నింపాడు. పిల్లలు అదే చుక్కల పద్ధతిలో, అరచేయంత కాగితం మీద తమకు ఇష్టమైన పండునో పిట్టనో వేయొచ్చు. పెద్ద కాగితం ఇస్తే విసిగిపోతారు. పికాసో, బ్రాక్ 1912లో వార్తాపత్రిక ముక్కలూ గోడకాగితమూ చిత్రాల్లో అతికించారు. పిల్లలు తాము వాడి పారేసిన కాగితాలతో తమ రోజును అతికించొచ్చు.

ఏ వస్తువులతో జాగ్రత్తగా ఉండాలి?

కట్టర్ బ్లేడు, వేడి జిగురు గన్ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. రంగు కొనేటప్పుడు పిల్లలకు హానిలేనిదని సీసా మీద రాసి ఉందో లేదో చూడండి. ఘాటైన వాసన వచ్చే పర్మనెంట్ మార్కర్లు, స్ప్రే రంగులు ఈ వయసుకు వద్దు. పొడి రంగులైతే పిల్లలు రాకముందే కలిపి ఉంచండి. తమ్ముళ్లు, చెల్లెళ్లు మూడేళ్ల లోపు వాళ్లయితే పూసలు, గుండీలు ఇంటికి పంపకండి. మెరుపు పొడి చాలావరకు ప్లాస్టిక్కే, కాలువలోకి పోతే తిరిగి రాదు. అది లేకుండానే బొమ్మలు బాగుంటాయి.

రంగులు పోల్చుకోలేని పిల్లలు, జిగురు ముట్టుకోలేని పిల్లలు ఉంటే?

ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోవడం అబ్బాయిల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది, దానికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి, అబ్బాయిల్లో అది ఒక్కటే ఉంటుంది. క్రేయాన్ల మీద, సీసాల మీద రంగు పేరు రాసి ఉంచితే ఎవరినీ అడగాల్సిన పనుండదు. ఆకాశాన్ని ఊదాగా వేసినందుకు నలుగురిలో సరిదిద్దకండి.

తడి, జిగట తగిలితే విలవిల్లాడే పిల్లలుంటారు. వాళ్లకు గ్లూ స్టిక్, పొడవాటి కుంచె, చేతి తొడుగు ఇవ్వండి, బలవంతం వద్దు. పట్టు బలంగా లేనివాళ్లకు కుంచె పిడికి స్పాంజి చుట్టి, కాగితాన్ని బల్లకు టేపుతో అతికిస్తే పని సులువవుతుంది.

మార్కులు వేయాలా?

బొమ్మకు వద్దు. తప్పనిసరైతే ప్రయత్నానికి, పనిముట్లు వాడిన తీరుకు, తన పని గురించి చెప్పగలిగినదానికి వేయండి.

పని అయ్యాక శుభ్రం చేయడమే పెద్ద పనైపోతోంది.

అదీ పిల్లల పనే, పాఠంలో భాగమే. చివరి పది నిమిషాలు దానికే కేటాయించి, బల్లకొకరు కుంచెలకు, ఒకరు నీళ్లకు, ఒకరు కాగితాలకు అని ముందే చెప్పండి. కుంచెలను నీళ్ల డబ్బాలో నిలబెట్టి వదిలేస్తే వెంట్రుకలు వంగిపోతాయి. కడిగి, కొన సరిచేసి, వెంట్రుకలు పైకి ఉండేలా ఆరబెట్టాలి. అక్రిలిక్ రంగు ఒకసారి ఎండితే బట్టల మీంచి పోదు, చిన్న తరగతులకు ఉతికితే పోయే పోస్టర్ రంగులే వాడండి.

పూర్తయిన బొమ్మలను ఎలా దాచాలి?

ఎండకముందు ఒకదాని మీద ఒకటి పెట్టకండి, తాడు కట్టి క్లిప్పులతో వేలాడదీయండి. వెనక పెన్సిల్‌తో పేరు, తేదీ, పిల్లలు ఆ బొమ్మ గురించి చెప్పిన ఒక మాట రాయండి. గోడకు పెట్టేటప్పుడు 'బాగా వచ్చినవి' ఏరకండి, అందరివీ పిల్లల కంటి ఎత్తులో పెట్టండి. నేరుగా ఎండ పడే గోడ వద్దు, రంగులు వెలుస్తాయి. మట్టి బొమ్మలు, పెద్ద అట్టపనులు ఫొటో తీసి ఇంటికి పంపేయండి. కాగితాల్లో ఏవి ఉంచుకోవాలో నెలకొకసారి పిల్లలనే ఎంచుకోమని, అవి మాత్రం పెద్ద అట్ట ఫోల్డరులో తేదీల వరుసలో పెట్టించండి. ఏడాది చివర తల్లిదండ్రులు వచ్చినప్పుడు ఆ ఫోల్డరును పిల్లలే తెరిచి చూపించేలా ఏర్పాటు చేయండి, ఒక్కొక్కరికి కనీసం పది నిమిషాలు ఇవ్వండి.